తవుడు పోయింది, ఇనుము వచ్చింది: రేషన్ బియ్యం వెనక నూరేళ్ల చరిత్ర

రేషన్ బియ్యాన్ని చాటలో పోసి చెరుగుతుంటే కొన్ని గింజలు తేడాగా కనిపించడం కొన్నేళ్ల క్రితం మొదలైంది. మిగతావాటికన్నా రంగులో కాస్త తేడా, అంచులు మరీ నున్నగా ఉంటాయి. కడిగేటప్పుడు కొన్ని నీళ్ల మీద తేలతాయి. ప్లాస్టిక్ బియ్యం అనుకుని వాటిని ఏరి పారేసినవాళ్లు చాలామంది. 2017 జూన్‌లో హైదరాబాద్‌ను ఊపేసిన ప్లాస్టిక్ బియ్యం పుకారు అప్పటికే జనం బుర్రలో ఉంది మరి. నిజానికి అవి బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి, సేమ్యా వత్తినట్టు మిషన్లో వత్తి, గింజంత ముక్కలుగా కోసి ఆరబెట్టినవి. వంద కిలోల మామూలు బియ్యానికి ఇవి ఒక కిలో చొప్పున మిల్లులోనే కలుపుతూ వచ్చారు. దీన్నే ఫోర్టిఫైడ్ బియ్యం అంటున్నారు.

ఈ పథకాన్ని 2019-20లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి విజయనగరం జిల్లాను ఎంచుకున్నారు. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని, 2024 నాటికి ప్రభుత్వ పథకాల్లో ఇచ్చే బియ్యమంతా ఇలాగే ఉంటుందని ప్రకటించారు. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం దీన్ని 2028 డిసెంబరు దాకా పొడిగించి, 17,082 కోట్ల రూపాయలు కేటాయించింది. రక్తహీనత తగ్గించడం కోసం అన్నది అధికారిక కారణం.

కారణం సరే. కానీ బియ్యంలో ఏం ఉండాలి, మిల్లు ఏం తీసేస్తోంది అన్న ప్రశ్న ఇప్పుడు పుట్టింది కాదు. అది మన కోస్తా జిల్లాల్లోనే, నూరేళ్ల కిందటే గట్టిగా వినిపించింది. అప్పుడు దాని పేరు బెరిబెరి.

గోదావరి మీద 1852లో, కృష్ణ మీద 1855లో ఆనకట్టలు పూర్తయ్యాక డెల్టా అంతా వరి మయమైంది. ధాన్యం ఇంట్లో రోట్లో దంచుకున్నన్నాళ్లూ ఊక పోయినా తవుడు పొర కొంత గింజకే అంటుకుని ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మిల్లులు పెరిగేకొద్దీ తెల్లగా మెరిసే బియ్యం పట్నాలకూ, ఆ తర్వాత పల్లెలకూ చేరింది. రోకలి పోటు తప్పినందుకు ఆడవాళ్లు సంతోషించే ఉంటారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే విటమిన్ బి1 అంటే థయామిన్ ఎక్కువగా ఉండేది ఆ తవుడు పొరలో, మొలకెత్తే ముక్కులో. అదంతా గేదెల కుడితిలోకి పోయింది. మిగిలిన కాస్తలో కొంత కడుగు నీళ్లతో, ఇంకొంత వార్చిన గంజితో పోయేది. గంజి తాగే ఇళ్లు ఆ మేరకు నయం.

బి1 తక్కువైతే కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతాయి. కొందరికి ఒళ్లంతా నీరు పట్టి, గుండె దెబ్బతిని ప్రాణం పోతుంది. అన్నిటికన్నా దారుణం పసిపిల్లల సంగతి. బాలింతకు పథ్యం పేరుతో తెల్లన్నం, చారు తప్ప పెద్దగా ఏమీ పెట్టకపోతే ఆమె పాలలోనూ బి1 ఉండదు. నిన్నటిదాకా బొద్దుగా కనిపించిన రెండు మూడు నెలల బిడ్డ ఉన్నట్టుండి ఊపిరాడక చనిపోతుంది. గాలి సోకిందనో దిష్టి తగిలిందనో అనుకునే చావు అది. మద్రాసు ప్రెసిడెన్సీలోని బెరిబెరి ప్రాంతంలో శిశు మరణాల మీద 1941లో ప్రత్యేకంగా ఒక పరిశోధన పత్రమే వచ్చింది.

కోడిపిల్లల్లో, ఖైదీల్లో ఈ జబ్బును పాలిష్ బియ్యంతో ముడిపెట్టిన పని అప్పటికే డచ్చివాళ్ల కింద ఉన్న జావాలో జరిగింది. మన దేశంలో ఆ పనికి దిగిన మనిషి రాబర్ట్ మెకారిసన్. ఐర్లండ్‌కు చెందిన సైనిక వైద్యాధికారి. గిల్గిత్ కొండల్లో గొంతు కింద గడ్డలా ఉబ్బే గాయిటర్ జబ్బు మీద పనిచేసి పేరు తెచ్చుకున్నాడు. 1918లో నీలగిరుల్లోని కూనూర్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక గదిలో బెరిబెరి విచారణ మొదలుపెట్టాడు. పావురాలకు పాలిష్ బియ్యం పెట్టి చూశాడు. అవి మెడలు వెనక్కి వాల్చి, రెక్కలు సత్తువ లేక పడిపోయేవి. ఖర్చు తగ్గింపు పేరుతో 1923లో ప్రభుత్వం ఆ విచారణను ఆపేసింది. రెండేళ్లకు మళ్లీ తెరిచారు. 1920ల చివరికి అది న్యూట్రిషన్ రీసెర్చ్ లాబొరేటరీస్ అయింది. మెకారిసన్ చేసిన మరో ప్రయోగం ఇప్పటికీ చెప్పుకుంటారు. సిక్కుల తిండి, పఠాన్ల తిండి, బెంగాలీల తిండి, మద్రాసీల తిండి అని విడివిడిగా ఎలుకలకు పెట్టాడు. గోధుమ, పాలు, పప్పు ఉన్న సిక్కుల తిండితో ఎలుకలు బలిశాయి, బియ్యం మీదే నడిచే మద్రాసీ తిండితో చిక్కిపోయాయి. జాతుల్ని బలమైనవీ బలహీనమైనవీ అని విడగొట్టే ఆనాటి దొరల చూపు అందులో కనిపిస్తూనే ఉంటుంది. పాలూ పప్పూ కొనుక్కునే స్తోమత ఎవరికి ఉంది అన్న ప్రశ్న మాత్రం ఎలుకల బోనులోకి రాలేదు.

ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చినవాడు 1935లో ఆయన స్థానంలోకి వచ్చిన వాలెస్ ఐక్‌రాయిడ్. ఈయన బోను వదిలి ఇళ్లలోకి నడిచాడు. మనుషులు ఏం తింటున్నారో తూకం వేయించాడు. 1937లో కూనూర్ నుంచి వెలువడిన 23వ నంబరు హెల్త్ బులెటిన్‌లో మన ధాన్యాలు, పప్పులు, ఆకుకూరల్లో ఏ పోషకం ఎంత ఉందో పట్టికలు వేశారు. ఇవాళ డైటీషియన్లు చూసే పట్టికలకు మూలం అదే. 1940లో భారతదేశపు బియ్యం సమస్య మీద ఆయన బృందం ఇచ్చిన నివేదికలో తేలిన సంగతి మనకు నేరుగా సంబంధించింది. ఒకే ప్రెసిడెన్సీలో, ఒకేలా బియ్యం మీద బతికే తమిళ జిల్లాల్లో బెరిబెరి లేదు, ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో ఉంది. ఎందుకు? తమిళులు ఎక్కువగా తినేది ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించినప్పుడే పై పొరలోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత మిల్లు ఎంత పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. మనవాళ్లు తినేది పచ్చి బియ్యం.

పరిష్కారం కళ్ల ముందే ఉన్నా సర్కారు జిల్లాల నాలుక ఒప్పుకోలేదు. ఉప్పుడు బియ్యం వాసన మనకు ఇప్పటికీ పడదు. యాసంగి ధాన్యం ఎండకు నూకవుతుందని తెలంగాణ మిల్లులు లక్షల టన్నుల ఉప్పుడు బియ్యం చేసి ఇతర రాష్ట్రాలకు పంపుతాయి. 2021లో కేంద్రం ఆ బియ్యం కొనబోమన్నప్పుడు పెద్ద రగడే జరిగింది. అంత గొడవ జరిగిన బియ్యం ఇక్కడి పళ్లెంలోకి మాత్రం రాలేదు.

బెరిబెరి మెల్లగా వెనక్కి తగ్గింది. 1936లో థయామిన్‌ను కృత్రిమంగా తయారు చేయడం సాధ్యమయ్యాక మాత్రలు, ఇంజెక్షన్లు చేతికొచ్చాయి. తిండిలోనూ కొంత మార్పు వచ్చింది. 1940ల చివర ఫిలిప్పీన్స్‌లోని బతాన్ ప్రాంతంలో మరో దారి పట్టారు. విటమిన్ పట్టించిన గింజల్ని మామూలు బియ్యంలో కలిపి అమ్మారు. అక్కడ బెరిబెరి చావులు బాగా పడిపోయాయి. మన రేషన్ బియ్యంలో కలిసిన గింజల వంశవృక్షం వెతికితే అక్కడికే వెళ్తుంది. తమాషా ఏమిటంటే, కథ మొదలైన బి1కి మన ఫోర్టిఫైడ్ బియ్యంలో తప్పనిసరి జాబితాలో చోటు లేదు. తప్పనిసరి అన్నవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 మాత్రమే.

కూనూర్ సంస్థ 1958లో హైదరాబాద్ తార్నాకకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ, అంటే మనం ఎన్ఐఎన్ అని పిలుచుకునే సంస్థ అయింది. ఇక్కడికి వచ్చాక దాని ముందుకు వచ్చిన జబ్బుల్లో ఒకటి బియ్యానిది కాదు, జొన్నది. పెల్లాగ్రా. మెడ చుట్టూ, ముంజేతుల మీద, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి చలిస్తుంది. అందుకే పెల్లాగ్రా రోగులు హైదరాబాద్ మానసిక చికిత్సాలయంలోనూ తేలేవారు. మొక్కజొన్న తినేవాళ్ల జబ్బుగా ప్రపంచానికి తెలిసిన దాన్ని తెలంగాణ, దక్కన్ జొన్న ప్రాంతాల్లో చూసి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా కారణం వెతికారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం, పెల్లాగ్రా రాకుండా కాపాడే నియాసిన్ అనే విటమిన్‌ను శరీరం వాడుకోవడానికి అడ్డుపడుతుందని 1960లో ప్రతిపాదించారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ నడిచింది. జొన్నరొట్టె ఒక్కటే తిండిగా బతికిన పేదలకు వచ్చిన జబ్బు అన్న దాంట్లో మాత్రం వివాదం లేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న పక్కకు జరిగింది, పెల్లాగ్రా కూడా అరుదైపోయింది. మిల్లెట్ల గొప్పతనం గురించి వాట్సాప్‌లో ఊదరగొట్టేవాళ్లు ఈ భాగం ఒకసారి చదివితే మంచిది. పళ్లెంలో ఒకే గింజ మిగిలినప్పుడు అది జొన్నయినా, బియ్యమైనా జబ్బే.

ఇలా ఒక్కొక్క జబ్బూ తగ్గుతున్నా రక్తహీనత తగ్గలేదు. 1970లోనే దేశమంతా ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రల కార్యక్రమం మొదలైంది. ఎన్ఐఎన్ ఉప్పులో ఇనుము కలిపే పద్ధతినీ, ఆ తర్వాత ఇనుము, అయోడిన్ రెండూ కలిపే పద్ధతినీ తయారు చేసింది. మాత్రలు మింగితే వికారం, మలం నల్లగా వస్తుందని భయం. దాంతో చాలా మాత్రలు బీరువాల్లోనే ఉండిపోయాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో తెలంగాణలో అది 70 శాతం. మాత్ర మింగరు కాబట్టి, అన్నం ఎలాగూ తింటారు కాబట్టి, అన్నంలోనే పెట్టేద్దాం అన్న ఆలోచనకు బలం ఇక్కడినుంచే వచ్చింది.

లెక్క వేసి చూద్దాం. నిబంధనల ప్రకారం కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలి. మనిషికి నెలకు 5 కిలోలంటే రోజుకు దాదాపు 167 గ్రాములు. అందులోంచి వచ్చేది 5 నుంచి 7 మిల్లీగ్రాములు. మహిళకు రోజుకు కావాలని ఎన్ఐఎన్ 2020లో చెప్పింది 29 మిల్లీగ్రాములు. తిన్న ఇనుమంతా ఒంటికి పట్టదు కూడా. అన్నం మీద నిమ్మకాయ పిండుకుంటే కొంచెం ఎక్కువ పడుతుంది, తినగానే టీ తాగితే తక్కువ పడుతుంది. మొత్తానికి ఇది ఉపయోగం లేని పని అనలేం, సరిపోయేదీ అనలేం.

శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. బియ్యం ఫోర్టిఫికేషన్ మీద ప్రపంచవ్యాప్త అధ్యయనాల్ని కలిపి చూసిన 2019 కోక్రేన్ సమీక్ష, రక్తహీనత ముప్పు మీద దీని ప్రభావం స్వల్పమో శూన్యమో కావచ్చంది. అసలు కొలతలోనే తేడా ఉందన్న వాదన ఇంకొకటి. కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలికి సూది గుచ్చి తీసిన రక్తపు చుక్కను పరీక్షిస్తారు. 2016-18లో పిల్లల పోషకాహారం మీద జరిగిన జాతీయ సర్వేలో నరం నుంచి రక్తం తీశారు. చిన్నపిల్లల్లో రక్తహీనత దానికి ముందటి కుటుంబ ఆరోగ్య సర్వేలో 58 శాతం పైన ఉంటే, ఇందులో 41 శాతం దగ్గరే తేలింది. అందులోనూ ఇనుము లోపం వల్ల వచ్చింది కొంత భాగమే. సికిల్‌సెల్ అనే వారసత్వ రక్తవ్యాధి ఉన్నవాళ్లు ఇనుము కలిపిన ఆహారం తినొద్దని, అలాంటిదే అయిన తలసీమియా ఉన్నవాళ్లు డాక్టరును అడిగి తినాలని 2018 నిబంధనల్లో ఉన్న హెచ్చరికను, ప్రమాదానికి ఆధారం లేదన్న నిపుణుల కమిటీ మాట మీద 2024లో తీసేశారు. సికిల్‌సెల్ ఉన్న అరకు, పాడేరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో రేషన్ బియ్యమే ప్రధాన తిండి కాబట్టి, హెచ్చరిక తీసేసినా అక్కడ ఓ కన్నేసి ఉంచడం ప్రభుత్వం పని.

ఈలోగా పాలిష్ బియ్యం మరో రకంగా తిరగబడింది. శారీరక శ్రమ తగ్గి, అన్నం తగ్గకపోయేసరికి షుగర్ వచ్చింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో లెక్కగట్టింది. ధాన్యాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతం మించకూడదని ఎన్ఐఎన్ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ షాపుల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. తినగలిగే బియ్యం ఇచ్చారని జనం మెచ్చుకున్నారు, అది న్యాయమే. పప్పు, గుడ్డు, పాలకు మాత్రం అదే కార్డు మీద అంత భరోసా లేదు. ఐక్‌రాయిడ్ మనుషులు మన పళ్లేల్లో కొరతగా రాసుకున్నవీ ఇవే.

ఇంటింటి తిండిని కొలిచే ఆ పని ఇటీవలి దాకా సాగింది. 1972లో ఎన్ఐఎన్ ఆధ్వర్యంలో జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల్లో దాని సిబ్బంది ఇంటింటికీ వెళ్లేవారు. కొలత గిన్నెలు ఇల్లాలి ముందు పెట్టి, నిన్న పొద్దున్న నుంచి ఏం వండారు, పిల్లాడికి ఏ గిన్నెడు పెట్టారు, పెద్దాయనకు ఎంత, మీకు ఎంత మిగిలింది అని అడిగి రాసుకునేవారు. ఇంట్లో చివర తినే మనిషి పళ్లెంలోకి పప్పు ఎంత చేరిందో ఆ కాగితాల్లోనే తెలిసేది. ఆ బ్యూరోను 2015లో మూసేశారు. ఎర్రకోట ప్రకటన వచ్చిన 2021లో ఆ గిన్నెలు పట్టుకుని ఊళ్లు తిరిగే వ్యవస్థ లేదు. తిండినీ రక్తాన్నీ కలిపి కొలిచే డయట్ అండ్ బయోమార్కర్స్ సర్వేను ఆ తర్వాత మళ్లీ ఎన్ఐఎన్‌కే అప్పగించారు.