ఇల్లు సర్దడం: అపోహలు - వాస్తవాలు

ఫోన్ ఎత్తగానే చాలామంది అడిగేది ఒకటే. "మేడం, మీరు వచ్చేలోపు డబ్బాలు ఏ సైజువి తెప్పించి ఉంచమంటారు?" ఏమీ తెప్పించొద్దండీ అంటే అవతల కాసేపు మాట ఉండదు. అప్పటికే ఆర్డరు పెట్టేసి ఉంటారు మరి. విజయవాడలో ఇళ్ళు సర్దిపెట్టడమే నా పని కాబట్టి ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: డబ్బాలు, ర్యాకులు, కప్‌బోర్డులు చాలక ఇల్లు ఇలా ఉంది.

చోటు నిజంగా చాలని ఇళ్ళు ఉన్నాయి, కాదనను. నేను వెళ్ళేవాటిలో మాత్రం ఎక్కువగా చోటుంటుంది, ఆ చోట్లో ఏముందో ఇంట్లోవాళ్ళకే తెలియదు. అలాంటప్పుడు డబ్బాలు కొంటే కంటికి కనిపించే గందరగోళం మూత కిందికి వెళ్తుంది, అంతే.

పటమటలో ఒకావిడ ఇంట్లో మంచం కింద వరసగా మూతల డబ్బాలు. అన్నీ ఒకే రకం, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ఒకటి లాగి మూత తీశాం. పైన శుభలేఖలు. వాటి కింద ఎప్పుడో పోయిన ఫోన్ల చార్జర్లు, వెనక మూత లేని టీవీ రిమోటు, జాకెట్టు ముక్కలు, రంగు వెలిసిన రాఖీలు, కరెంటు బిల్లుల కట్ట, అడుగున దర్జీ వాడే టేపు. "ఇది పోయిందనుకుని ఇంకోటి కొన్నానండీ" అన్నారావిడ. ఆ ఇంకోటి తర్వాతి డబ్బాలో దొరికింది.

కప్‌బోర్డుల దగ్గర దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. గోడ గోడకీ చెక్కపని చేయించి, స్లాబు దాకా లాఫ్టులకు తలుపులు పెట్టించి లక్షలు పోస్తారు. బట్టలు హ్యాంగరుకు తగిలించే అరకు రెండడుగుల లోతు కావాలి, నిజమే. అదే లోతు మడతబట్టల అరలకూ పెట్టించేస్తారు. మడతపెట్టిన చీరకు అంత లోతు ఎందుకు? ముందొక వరస, వెనకొక వరస తయారవుతుంది. వెనక వరస ఇక పండక్కి కూడా బయటికి రాదు.

వంటింట్లో లీటరు డబ్బాల సెట్టు గురించి చెప్పకుండా ఉండలేను. కిలో కందిపప్పు లీటరు డబ్బాలో పట్టదండీ. ఎంత కుదిపినా లీటరుం పావు దగ్గర తేలుతుంది. గరిటె పెట్టి తీసుకునేలా ఉండాలంటే లీటరున్నర డబ్బా కావాలి. పట్టని పప్పు ప్యాకెట్లోనే రబ్బరు బ్యాండు వేసుకుని డబ్బాల వెనక్కి చేరుతుంది. పురుగు మొదలయ్యేది అక్కడే. ఖరీదైన సెట్టు కొన్న ఇంట్లో పురుగు ఎక్కడిదని మళ్ళీ నన్నే అడుగుతారు.

మరి ఏ వరసలో చేయాలి? గది గదిగా కాకుండా రకం రకంగా మొదలుపెట్టండి. దుప్పట్లు అనుకుంటే బీరువాలోవి, దివాన్‌లోవి, అటక మీదవి అన్నీ తెచ్చి హాల్లో ఒకే కుప్ప పోయండి. నలుగురున్న ఇంట్లో ఎన్ని దుప్పట్లున్నాయో అప్పుడు తెలుస్తుంది. ఉంచేవి, ఇచ్చేవి, పారేసేవి విడదీయండి. ఇచ్చేవి ఆ సాయంత్రమే గుమ్మం దాటాలి, లేదంటే తెల్లారేసరికి సగం లోపలికి వచ్చేస్తాయి. మిగిలినవాటిలో రోజూ చేతికందాల్సినవి ఏవో, అటకెక్కాల్సినవి ఏవో తేల్చుకుని, ఆ అర పొడవు, వెడల్పు, లోతు కొలవండి. డబ్బా మాట ఎత్తాల్సింది ఇప్పుడు. ఇంత చేశాక కూడా కొన్నాళ్ళు చెప్పుల పెట్టెలు, స్వీటు డబ్బాలతో నడిపి చూడమంటాను. ఇక్కడికొచ్చేసరికి ఇంట్లో ఉన్న డబ్బాలే మిగిలిపోతున్నాయని చెప్పేవాళ్ళు చాలామంది.

మొదటిరోజు మందుల పెట్టె తీయండి. గడువు తీరిన మాత్రల మీద ఎవరికీ మమకారం ఉండదు. తర్వాత క్యారీ కవర్లు, కర్రీ పాయింటు ప్లాస్టిక్ డబ్బాలు. ఆ పైన వంటిల్లు, బట్టలు, కాగితాలు. ఫొటోలు, పోయినవాళ్ళ వస్తువులు చిట్టచివర. వాటితో మొదలుపెట్టినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ మూత పెట్టేస్తారు, ఇక ఆ నెల పని సాగదు.

అపోహ: ఏడాదిగా వాడనిది తీసేయాలి.

ఈ లెక్క ఎక్కడ పుట్టిందోగానీ ఆవకాయ పెట్టే ఇళ్ళకు పనికిరాదు. జాడీ ఏడాదికోసారే దిగుతుంది. బొమ్మల కొలువు బొమ్మలూ అంతే. అన్నట్టు, కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కవి, చాలా తేలిక. వాటి మీద బరువులు పెట్టొద్దు. మళ్ళీ ఎప్పుడు వాడతారో చెప్పగలిగిన వస్తువును నిశ్చింతగా ఉంచుకోండి.

అపోహ: ఇల్లు సర్దేవాళ్ళొస్తే అన్నీ పారేయిస్తారు.

ఈ భయం పెద్దవాళ్ళది, దాన్ని చూసి నవ్వకూడదు. సత్యనారాయణపురంలో ఒక ఇంటి అత్తగారు నేను వెళ్ళిన రోజు ఇత్తడి గుండిగ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఇది మా పుట్టింటిదమ్మా" అన్నారు. "అలాగే ఉండనివ్వండి పిన్నిగారూ" అని దాని జోలికి వెళ్ళలేదు. మధ్యాహ్నం ఆవిడే లేచొచ్చి స్టీలు క్యారేజీ గిన్నెలు తెచ్చి నా ముందు పెట్టారు. "వీటి మూతలు ఎప్పుడో పోయాయి, ఇచ్చెయ్యండి" అన్నారు. ఎవరి వస్తువు వాళ్ళ చేత్తోనే తీయించాలి. అత్తగారు గుడికి వెళ్ళినప్పుడు వచ్చి కానిచ్చేయమని అడిగే కోడళ్ళున్నారు. అలాంటి పని నేను ఒప్పుకోను.

అపోహ: స్కాన్ చేశాం, ఇక కాగితాలు ఎందుకు?

కరెంటు బిల్లులు పారేయండి. ఇంటి దస్తావేజులు, లింకు డాక్యుమెంట్ల (అంతకుముందు ఆ ఇల్లు ఎవరెవరి చేతులు మారిందో చెప్పే పాత దస్తావేజుల) జోలికి మాత్రం పోవద్దు. ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకోవాలంటే బ్యాంకు ఒరిజినల్సే అడుగుతుంది. ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు సింగ్ నగర్ ఇళ్ళలోకి వచ్చినప్పుడు బీరువా కింది అరలోని ఫైళ్ళు నీళ్ళపాలయ్యాయి. నీళ్ళు చొరని కవర్లో వేసి పై అరలో పెట్టండి.

అపోహ: కలరా ఉండలు వేస్తే బట్టలకు ఢోకా లేదు.

పసిపిల్లల బట్టల్లో అసలు వేయకండి. వాటిలోని నాఫ్తలీన్ వల్ల జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డలకు ఎర్రరక్తకణాలు దెబ్బతిని పచ్చకామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఆ లోపం చూడగానే తెలిసేది కాదు. పట్టుచీరలను ప్లాస్టిక్ కవర్లోంచి తీసి ఉతికిన నూలు గుడ్డలో చుట్టండి, అప్పుడప్పుడూ మడత మార్చండి.

మిగతావి గబగబా. ఒక్క ఆదివారంలో ఇల్లంతా అవదు. పాత ఫర్నిచర్ అమ్మితే కొన్న ధరలో సగమైనా వస్తుందన్న ఆశ వదిలేయండి. భోగి మంటలో విరిగిన చెక్క వేయండిగానీ ప్లాస్టిక్ కుర్చీ వేయొద్దు. ఈశాన్యంలో బరువు ఉండకూడదా అని అడిగితే నేను వాదించను. ఆ మూల అలాగైనా ఖాళీ అవుతుంది.

పాత ఫోన్లు ఇచ్చేసేముందు ఫొటోలు తీసుకుని, సిమ్ తీసి, మొత్తం చెరిపేయండి. బ్యాటరీ ఉబ్బిన ఫోను కనిపిస్తే నొక్కొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. బీరువాలో బట్టల మధ్య ఉంటే ఈరోజే తీసి, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునేవాళ్ళకు ఇచ్చేయండి.