సాహిత్య పత్రిక ఖర్చు ఎవరు మోశారు?

సామాన్య పాఠకుల కోసం నడిచే తెలుగు సాహిత్య మాసపత్రిక బస్టాండు బడ్డీకొట్టులో ఇప్పుడు దాదాపు కనబడదు. జనం చదవడం మానేశారు, అందుకే పత్రికలు పోయాయి అంటుంటారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. మన పేరున్న సాహిత్య పత్రికలు చాలావరకు వేరే ఆదాయం అండతోనే నడిచాయి.

కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టారు. ఆ రాబడి అండగానే 1908లో ఆంధ్రపత్రిక అక్కడే వారపత్రికగా పుట్టింది, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. 1924 జనవరిలో అదే సంస్థ ‘భారతి’ని తెచ్చింది. అది పండితుల పత్రికని పేరు పడింది గానీ, కథ కోసం తెరిచినవాళ్లకూ అందులో చోటుండేది. కథ పక్కనే ఓ శాసనం మీద వ్యాసం, ఆ వెనక కొత్త కవి గేయం, ఇంకో రెండు పేజీలు తిప్పితే ఛందస్సు మీద వాదన. వెతక్కపోయినా నాలుగు పంక్తులు కంటపడేవి. ఆ పత్రిక చేసిన పెద్ద మేలు అదేనని నా నమ్మకం. 1991లో ఆంధ్రపత్రిక ఆగింది, భారతీ ఆగింది.

మధ్యలో సీరియళ్ల కాలం వచ్చింది. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, దారంతో కుట్టి, అట్ట వేసి బైండు చేసుకున్న ఇళ్లెన్నో. అమ్మకాలు బ్రహ్మాండంగా సాగాయి. అయితే ఆ ఊపు నవలకు దక్కింది, వ్యాసానికీ కవిత్వానికీ అంతగా అందలేదు. తర్వాత టీవీ వచ్చి ఆ పాఠకుల్నీ లాక్కుంది.

1978లో ఈనాడు సంస్థ నెలకో నవలతో ‘చతుర’ను, కథలతో ‘విపుల’ను తెచ్చింది. ఇతర భాషల కథల్ని ఇంత సులువుగా మన ఇళ్లకు చేర్చిన పత్రిక విపుల లాంటిది ఇంకొకటి లేదంటాను. అవీ దినపత్రిక నీడలోనే పెరిగాయి. కరోనా దెబ్బకు అచ్చు ఆగింది, 2021లో పూర్తిగా మూతపడ్డాయి.

ఇంటర్నెట్‌లో 1998 నుంచి ‘ఈమాట’ అనే సాహిత్య పత్రిక ఉంది, మంచి రచనలు ఉచితంగా దొరుకుతున్నాయి. కానీ అక్కడికి సాహిత్యం కావాలనుకున్నవాళ్లే వెళ్తారు. ఊరికే కాలక్షేపానికి పత్రిక చేతిలోకి తీసుకునే మనిషికి అచ్చు ప్రతే కావాలి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. అందులోంచి ప్రతి శాఖా గ్రంథాలయానికీ రెండు మూడు సాహిత్య పత్రికల చందా క్రమం తప్పకుండా కడితే, ఏ యజమాని దయా లేకుండా ఓ పత్రిక నిలదొక్కుకోవచ్చు.