పిల్ల స్క్విడ్‌ల కోసం పడవెక్కే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఆక్టోపస్‌కు చుట్టమైన సముద్రజీవి స్క్విడ్, దాని పిల్లల్ని పరిశోధన కోసం ఎలా పడతారని అడిగారు. పడవెక్కే ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. వాటిని లెక్కపెట్టడానికి వెళ్తున్నారా, బతికుండగా తేవడానికి వెళ్తున్నారా? లెక్కకు వాడే వల వాటి ప్రాణం తీస్తుంది. ప్రాణం నిలిపే పద్ధతి లెక్కకు పనికిరాదు. రెండూ ఒకే లాగుడులో సాధిద్దామనుకునేవాళ్లు రెంటికీ చెడతారు.

చాలా జాతుల స్క్విడ్‌కు ఆయుష్షు ఏడాది అటూ ఇటూ. గుడ్లు పెట్టాక పెద్దవి చచ్చిపోతాయి. చాలా చేపల్లోలాగా నాలుగైదేళ్ల వయసున్నవి వెనక మిగిలి ఉండవు. ఈ ఏడు పుట్టినవాటిలో ఎన్ని బతికితే వచ్చే ఏడు సముద్రంలో ఉండేవి అవే. అందుకే వాటి పసితనం మీద అంత శ్రద్ధ. ఆ దశకు పారాలార్వా అనే పేరును 1988లో యంగ్, హర్మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. సీతాకోకచిలుకలాగా ఇవి పూర్తిగా రూపం మార్చుకోవు. పుట్టడమే బుల్లి స్క్విడ్‌లా పుడతాయి. బతుకు మాత్రం పెద్దవాటిలా కాదు, నీటి పైపొరల్లో తేలాడే సన్నజీవుల మధ్య గడుస్తుంది. తీరం దగ్గరి జాతుల్లో తల వెనక సంచిలాంటి ఒళ్లు, అంటే మాంటిల్, పుట్టినప్పుడు 2-3 మిల్లీమీటర్లు. నడిసముద్రపు జాతులు కొన్నింటిలో అది 1 మిల్లీమీటరే.

లెక్కకు వాడేది బాంగో వల. పక్కపక్కనే రెండు లోహపు వలయాలు, ఒక్కోదానికి గరాటులా సన్నబడే పొడుగాటి వల, కొసన విప్పి తీసే డబ్బా. వలయం అడ్డుకొలత సాధారణంగా 60 లేదా 70 సెంటీమీటర్లు. వల కన్ను 505 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు, లేదా 333 మైక్రాన్లు. 1 మిల్లీమీటరు పిల్లల కోసమైతే 333 తీసుకోండి. వాటి ఒళ్లు మెత్తన, నీటి ఒత్తిడికి నలిగి అరమిల్లీమీటరు కన్నులోంచి కూడా జారిపోతాయి.

పడవ 1.5 నుంచి 2 నాట్ల వేగంతో నడవాలి (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు). అంతకన్నా నెమ్మదైతే కాస్త పెద్ద పిల్లలు వలను పసిగట్టి తప్పుకుంటాయి. వేగం ఎక్కువైతే దొరికినవి నుజ్జవుతాయి. పగటికంటే రాత్రి ఎక్కువ దొరకడానికి ఒక కారణం, చీకట్లో వల వాటికి కనిపించకపోవడం.

కాలిఫోర్నియా తీరంలో దశాబ్దాలుగా సాగుతున్న కాల్‌కోఫీ అనే సముద్ర పరిశోధన సర్వేలో నీరు లోతుగా ఉన్నచోట 300 మీటర్ల తీగను నిమిషానికి 50 మీటర్ల చొప్పున వదిలి, 20 మీటర్ల చొప్పున పైకి లాగుతారు. తీగ నిట్టనిలువుకు 45 డిగ్రీల వాలులో ఉండాలి. అప్పుడు వల దిగే లోతు 300ను 0.707తో హెచ్చించినంత, అంటే దాదాపు 212 మీటర్లు. పడవ నెమ్మదించి వాలు 30 డిగ్రీలైందనుకోండి, వల 260 మీటర్లకు దిగిపోతుంది. అక్కడ సముద్రం లోతు 240 మీటర్లే అయితే పైకొచ్చేది బురద. వాలు 60 డిగ్రీలైతే వల 150 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఒక మనిషి వాలుకొలత పరికరం చేతిలో పట్టుకుని వాలు చూస్తూనే ఉండాలి, మధ్యమధ్యలో పడవ నడిపేవారికి చెబుతూ ఉండాలి. ఆ మనిషికి వేరే పని అప్పజెప్పకండి. బిగుసుకున్న తీగను దాటి అడుగు వేయకండి. లైఫ్ జాకెట్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

వల నోట్లో చిన్న మర ఉన్న ఫ్లోమీటరు వేలాడుతుంది. అసలు ప్రాణమంతా అందులోనే ఉంది. ఎంత నీరు వడకట్టామో తెలియకపోతే ‘నాలుగు దొరికాయి’ అన్న మాటకు అర్థం లేదు. బాగా వాడుకలో ఉన్న రకంలో ఒక్కో అంకెకు నీరు సుమారు 2.69 సెంటీమీటర్లు కదిలినట్టు. వల దించేముందు 112400, తీశాక 149600 అని ఉంటే తేడా 37200, అంటే దాదాపు 1000 మీటర్లు. 60 సెంటీమీటర్ల వలయం వైశాల్యం 0.283 చదరపు మీటర్లు, కనుక వడకట్టిన నీరు 283 ఘనపు మీటర్లు. అందులో 4 పిల్లలు దొరికితే 1000 ఘనపు మీటర్లకు 14 అన్నమాట. గాలికి కూడా ఆ మర తిరుగుతుంది, అందుకే వల నీళ్లలోకి దిగే క్షణంలోనే అంకె రాసుకోవాలి. 2 నాట్లంటే సెకనుకు దాదాపు ఒక మీటరు. 20 నిమిషాల లాగుడుకు 1200 మీటర్ల దరిదాపుల్లో రావాలి. 700 వచ్చిందంటే జెల్లీలాంటి జీవులతో కన్నులు పూడుకుపోయి, నీరు లోపలికి పోకుండా పక్కలకు పొర్లిందని అర్థం. ఆ లాగుడు మళ్లీ చేయడమే మేలు.

పైకి తీశాక వలను బయటివైపు నుంచి సముద్రపు నీటితోనే కడగాలి. లోపల అతుక్కున్నవి డబ్బాలోకి జారతాయి. లోపలికి పైపు పెట్టి కొడితే పిల్లలు చితికిపోతాయి, ఆ నీటితో వచ్చిన కొత్త జీవులూ లెక్కలో చేరతాయి.

వలలు రెండు కాబట్టి ఒకదానిలో పడ్డవాటిని 95 శాతం ఇథనాల్‌లో (ఆల్కహాల్‌లో), రెండోదానిలో పడ్డవాటిని కుళ్లకుండా నిలవుంచే ఫార్మలిన్ ద్రవంలో వేయొచ్చు. ఫార్మలిన్ ఆకారాన్ని బాగా నిలబెడుతుంది, డీఎన్‌ఏను పాడుచేస్తుంది. అది పుల్లబడితే, అంటే ఆమ్లంగా మారితే, ఇంకో నష్టం. స్క్విడ్ తలలో స్టాటోలిత్ అనే నలకంత సున్నపు రాయి ఉంటుంది. చాలా జాతుల్లో దాని మీద రోజుకొక వలయం పడుతుంది, వాటిని లెక్కపెట్టే వయసు చెబుతారు. పుల్లని ద్రవంలో ఆ రాయి కరిగిపోతుంది. అందుకని ఫార్మలిన్‌లో ఆ పులుపును విరిచే బోరాక్స్ పొడి కలుపుతారు, వయసు తేల్చాల్సిన పిల్లల్ని మాత్రం ఇథనాల్‌లోనే ఉంచుతారు. సీసాలో జీవుల వాటా మూడోవంతు దాటకూడదు. వాటి ఒంటి నీరు చేరి ద్రవం పలచనవుతుంది గనక మర్నాడు ఇథనాల్ మార్చాలి.

బతికున్నవి కావాలంటే పడవ ఇంజిన్ ఆపి, రాత్రిపూట నీటి మీదికి దీపం వేలాడదీసి కూర్చోవాలి. వెన్నెల బాగా ఉన్న రాత్రి దీపం అంతగా పనిచేయదు. ముందు సన్నజీవులు మూగుతాయి, వాటి వెనకే పిల్ల స్క్విడ్‌లు వస్తాయి. చేప పిల్లయితే ఒళ్లు అటూ ఇటూ ఆడిస్తూ ఈదుతుంది. ఇది నీటిని చిమ్ముకుంటూ ఒక్క గెంతు పైకి గెంతి, మెల్లగా కిందికి జారి, మళ్లీ గెంతుతుంది. ఒళ్లు గాజులా ఉంటుంది, కనబడేది రెండు నల్లని కళ్లు, విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉండే గోధుమ చుక్కలే.

చిక్కంతో ముంచకండి. వాటి చర్మం దారం రాపిడికే ఊడిపోతుంది. గాలిలోకి లేస్తే మాంటిల్‌లో బుడగ చిక్కి, ఇక మునగలేక తేలిపోతాయి. పిడి ఉన్న గిన్నెను పక్కగా ముంచి నీటితో సహా ఎత్తి, బకెట్‌లోని నీటి మట్టం కిందికి దించి ఒంపాలి. బకెట్ గుండ్రంగా ఉండాలి, మూలలుంటే గుద్దుకుంటాయి. రాగి తగిలిన నీరు, సబ్బు వాసన మిగిలిన పాత్ర వాటికి విషం. గాలి పంపు పెడితే పెద్ద బుడగలు నెమ్మదిగా రావాలి, సన్ననివి ఒంట్లో చిక్కుకుంటాయి. సిరా చిమ్మితే వెంటనే సగం నీరు మార్చండి. పెద్దవి చిన్నవాటిని తినేస్తాయి, సైజులవారీగా వేరు చేయండి. గట్టు చేరాక మొదటి చింత మేత గురించే. గుడ్డులోంచి తెచ్చుకున్న పచ్చసొన కొద్ది రోజులకే అయిపోతుంది, ఈలోగా కోపెపాడ్ అనే రొయ్యజాతి సన్నజీవిలాంటి కదిలే ఎరను పట్టడం నేర్చుకోనివి ఆకలితో చస్తాయి. యూరోపియన్ యూనియన్‌లో 2010 నాటి ఆదేశం ప్రకారం బతికున్న స్క్విడ్‌తో ప్రయోగానికి అనుమతి కావాలి. ఎక్కడైనా అక్కడి నిబంధన ముందే కనుక్కోండి.

చీటీ గురించి ఒక్కమాట. తేదీ, వేళ, చోటు, లోతు, ఫ్లోమీటరు అంకెలు పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. పెన్ను సిరా ఇథనాల్‌లో కరుగుతుంది, మూతల మీద రాస్తే మూతలు మారిపోతాయి. ఒక్క పిల్లా దొరకని లాగుడుకూ చీటీ రాసి, సున్నా వేయండి.

మీ తాతయ్య