ఆన్‌లైన్‌లో కలిసి చదవడం: అపోహలు - వాస్తవాలు

కడప జిల్లాలో ఉన్నత పాఠశాల పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతాను. పిల్లల చేత గూగుల్ డాక్స్‌లో (నెట్‌లో ఒకే పత్రాన్ని అందరూ కలిసి రాసుకునే చోటు) ప్రాజెక్టులు చేయిస్తున్నానని తెలిసి తోటి ఉపాధ్యాయులు సందేహాలు అడుగుతుంటారు. తరచూ వినిపించే అపోహలకు నా జవాబులు ఇవి.

అపోహ: అందరికీ ఒకే డాక్యుమెంట్ తెరిచి ఇస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే కలిసి పనిచేస్తారు.

వాస్తవం: పనిచేయరు, పంచుకుంటారు. నలుగురికి నాలుగు పేరాలు. పక్కవారిది చదివే నాథుడు ఉండడు. పిల్లలను కలిపేది ఒక్కరి వల్ల తేలని ప్రశ్న. మా జిల్లాలోని పోరుమామిళ్ల చెరువునే తీసుకోండి. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన ఈ చెరువుకు 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను అందులో చెప్పారు. ‘ఈ చెరువు గురించి రాయండి’ అంటే నెట్‌లో దొరికింది తెచ్చి అతికిస్తారు. అందుకే నేను, ‘మన ఊరి చెరువుకు ఆ ఆరింటిలో ఏ దోషం ఉంది? రుజువు చూపండి’ అని అడిగాను. ఒకరు శాసనం సారాంశం చదవాలి, ఒకరు కట్ట మీద నడిచి ఫొటోలు తీయాలి, ఇంకొకరు ఆయకట్టు రైతులను కలవాలి. ఎవరు ఏ పని చేయాలో వాళ్లే తేల్చుకోవాలి.

కట్టలోంచి నీరు ఊరుతోందని ఒక అమ్మాయి రాసింది. పక్కన కామెంట్‌లో ఒక అబ్బాయి, ‘అది ఊట కాదు. తూము తలుపు సరిగా పడక కారుతోంది, మా నాయన చూపించాడు’ అన్నాడు. దాని కింద జవాబుల మీద జవాబులు. చివరికి ఇద్దరూ మళ్లీ కట్ట దగ్గరికి వెళ్లి వీడియో తీసుకొచ్చారు. ఏ పాఠం చెప్పినా అంత పట్టుదల నేను చూడలేదు.

అపోహ: ఒకరు రాస్తారు, మిగతావాళ్లు పేర్లు వేసుకుంటారు.

వాస్తవం: అట్ట మీద అతికించే ప్రాజెక్టులో అది నిజమే. ఇక్కడ వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఎవరు ఏం చేర్చారో, ఏం తీసేశారో కనబడుతుంది. అయితే ఎవరి ఖాతాతో వారు తెరవాలి. అందరూ ఒకే ఖాతా వాడితే ఆ తేడా తెలియదు. అలాగని రాసిన పంక్తులు లెక్కపెట్టి మార్కులు వేయకండి, ఎంతో అన్యాయం జరుగుతుంది. పైన చెప్పిన అబ్బాయి రాసింది రెండు వాక్యాలే, ప్రాజెక్టు దారి మళ్లింది వాటితోనే. నేను హిస్టరీని పిల్లల చేతే చదివిస్తాను. ఎక్కడ అభిప్రాయం మార్చుకున్నారో, ఎందుకో రాయమంటాను. మార్కులు దానికే.

అపోహ: ఇంట్లో నెట్ లేని పిల్లలు వెనకబడిపోతారు.

వాస్తవం: ఇంటిపనిగా ఇస్తే తప్పకుండా వెనకబడతారు. బడి వేళల్లోనే చేయించండి. ముందే ఆఫ్‌లైన్ సౌకర్యం పెట్టుకుంటే నెట్ పోయినా రాత ఆగదు.

అపోహ: బడి పని కనుక ఖాతాల విషయంలో ఎవరినీ అడగనక్కరలేదు.

వాస్తవం: 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. తల్లిదండ్రులకు చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. డాక్యుమెంట్ లింకు బృందం దాటి పోకూడదు.

అపోహ: చదువు బాధ్యత పిల్లలకు ఇవ్వడమంటే టీచరు తప్పుకోవడం.

వాస్తవం: టీచరుకు పని పెరుగుతుంది, పైగా కష్టమైన పని. తప్పు కనబడగానే దిద్దేయాలని చేయి లాగుతుంది. దిద్దితే ఆ వాక్యం నాదైపోతుంది, పిల్లలు దాన్ని మళ్లీ ముట్టుకోరు. అందుకే కామెంట్ మాత్రమే పెడతాను, అదీ ప్రశ్నగా: ‘ఇది ఎవరు చెప్పారు?’, ‘వేసవిలో చూసినా ఇలాగే ఉంటుందా?’ ఎవరినైనా కించపరిచే మాట కనబడితే మాత్రం ఆగను, అప్పుడే పిలిచి మాట్లాడతాను.

కొత్తగా మొదలుపెట్టేవారు నలుగురికి మించని బృందాలతో, ఒక్క ప్రశ్నతో, వారం గడువుతో చేసి చూడండి. ఆ ప్రశ్నకు జవాబు మీకు ముందే తెలియకపోతే ఇంకా మంచిది.