మోకాలు నొప్పి అంటారు, చెడింది తుంటి: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫిజియోథెరపీ కోసం వచ్చి "తుంటి నొప్పి" అని చెప్పేవారిని చోటు చూపించమంటే, వాళ్లు చెయ్యి పెట్టేది చాలావరకు తుంటి కీలు ఉన్న చోట కాదు. పిరుదు మీద పెడతారు, నడుము కింద పెడతారు, పక్కన గట్టిగా తగిలే ఎముక మీద పెడతారు. నిజంగా తుంటి కీలు చెడినవారేమో తొడ ముందుభాగాన్నో మోకాలినో పట్టుకుని, "తుంటికేమీ లేదండీ" అంటారు. ఈ తారుమారు వల్ల నెలలు గడిచిపోతున్నాయి. కొందరికి కీలే పోతోంది.

అపోహ: తుంటి అంటే పిరుదు. కీలు చెడితే అక్కడే నొప్పి రావాలి.

వాస్తవం: తుంటి కీలు ముందువైపు, లోతుగా, గజ్జ మడత మధ్యభాగానికి వెనక ఉంటుంది. కటి ఎముకలోని గిన్నెలో తొడ ఎముక తల కూర్చుని ఉంటుంది. పైన మందపాటి కండరాలు ఉండటం వల్ల అది వేలికి అందదు. పక్కన చేతికి తగిలే బొడిపె కీలు కాదు, పిరుదు కండరాలు వచ్చి అతుక్కునే చోటు. అక్కడ నొక్కితే నొప్పిగా ఉండి, ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నారంటే చాలాసార్లు ఆ కండరాల టెండన్లదే (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లదే) బాధ. నడివయసు దాటిన మహిళల్లో ఇది ఎక్కువ. వ్యాయామంతో చాలామందికి తగ్గుతుంది. "కీలు అరిగిపోయిందేమో" అని రాత్రిళ్లు నిద్ర పోగొట్టుకోవద్దు. ఇక పిరుదులో నొప్పి ఎక్కువమందికి నడుము వెన్నుపూసల నుంచి దిగి వచ్చేదే.

అసలు కీలు నొప్పి గజ్జలో వస్తుంది, తొడ ముందు నుంచి మోకాలి దాకా పాకుతుంది. తుంటి కీలుకు వెళ్లే ఫెమోరల్, ఆబ్చురేటర్ నరాలే మోకాలికీ కొమ్మలు ఇస్తాయి. అందుకే కొందరికి గజ్జలో ఏమీ తెలియదు, మోకాలు ఒక్కటే నొప్పి పెడుతుంది.

ఒక తాపీమేస్త్రీ మోకాలికి పట్టీ వేసుకుని వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా దాటలేదు. అప్పటికే ఆ మోకాలికి నూనెలు, లేపనాలు, ఇంజెక్షన్లు, ఎంఆర్‌ఐ అన్నీ అయిపోయాయి. రిపోర్టులో మోకాలు శుభ్రంగా ఉంది. అతన్ని బల్ల అంచున కూర్చోబెట్టి, మోకాలిని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో పాదాన్ని మెల్లగా బయటివైపు తిప్పాను. పాదం అలా బయటికి వెళ్తుంటే పైన తొడ ఎముక తల గిన్నెలో లోపలివైపు తిరుగుతుంది. మంచి కీలయితే 30 నుంచి 40 డిగ్రీలు తేలిగ్గా వస్తుంది. అతనిది కాస్త కదిలి ఆగిపోయింది. ఇంకొంచెం తిప్పబోతే ఆ వైపు పిరుదు బల్ల మీంచి లేచింది, అతని చెయ్యి మోకాలిని వదిలి గజ్జ మీదికి వెళ్లింది. "బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చోగలుగుతున్నావా?" అని అడిగితే, ఆ సంగతి ముందెవరూ అడగలేదన్నట్టు చూసి, "లేదు సార్, చాలా రోజులైంది" అన్నాడు. ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి చీటీ రాసి, రెండు తుంట్లకూ ఎక్స్‌రే తీయించమన్నాను. "నొప్పి మోకాలికి కదా, ఫొటో అంత పైన ఎందుకండీ?" అని భార్య అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ఎడమ తొడ ఎముక తల అప్పటికే అణగిపోయి ఉంది. కుడిది ఎక్స్‌రేలో బాగానే కనిపించింది. ఎంఆర్‌ఐ తీస్తే అక్కడా జబ్బు మొదలై ఉంది.

అది ఏవీఎన్ (అవాస్క్యులర్ నెక్రోసిస్). తొడ ఎముక తలకు రక్తం అందక లోపలి ఎముక చచ్చిపోవడం. ఆ తలకు రక్తం తెచ్చే దారులు సన్నవి, అవి మూసుకుపోతే సర్దుకునే వీలు తక్కువ. ముసలివాళ్ల జబ్బు కాదిది, పని చేసి ఇల్లు నడిపే వయసువాళ్లకే ఎక్కువగా వస్తుంది. ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు, అతిగా మద్యం ముఖ్య కారణాలు. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉన్నవారికీ వస్తుంది, కాబట్టి ఆదిలాబాద్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా దాకా గిరిజన ప్రాంతాల్లో ఎవరైనా గజ్జ నొప్పి అంటే మరింత త్వరగా చూడాలి. ఈ మేస్త్రీ చర్మం దురదకు ఊళ్లో ఇచ్చిన మాత్రలు చాలాకాలం మింగాడు. వాటిలో స్టెరాయిడ్ ఉంది. ఇది చదివి, డాక్టర్ రాసిన స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపేయకండి, అది ప్రాణం మీదికి తెస్తుంది. చీటీ లేకుండా కొని మింగేది ఆపండి.

"ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు" అనే మాట నేను వినని వారం లేదు. ఏవీఎన్ తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. ఎంఆర్‌ఐలోనే దొరుకుతుంది. తల అణగకముందు దొరికితే ఎముకలో రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే శస్త్రచికిత్స లాంటి దారులు ఉంటాయి. అణిగాక ఏ నూనెతో రుద్దినా, ఏ వ్యాయామం చేసినా అది మళ్లీ గుండ్రంగా అవదు. ఆఖరికి కీలు మార్పిడే గతి. ఆ తేడా కొన్ని నెలల్లోనే వచ్చేస్తుంది. అందుకే మోకాలిలో ఏమీ కనిపించని మోకాలు నొప్పికి తుంటిని తిప్పి చూడమని అడగండి.

పిల్లల విషయంలో ఇంకా గట్టిగా అడగండి. పది, పదిహేను ఏళ్ల మధ్య, ముఖ్యంగా కాస్త బరువున్న పిల్లవాడు మోకాలు నొప్పి అంటూ పాదం బయటికి తిప్పి కుంటుతుంటే, "ఆటల్లో దెబ్బ తగిలి ఉంటుంది" అని ఆగకూడదు. తొడ ఎముక తల ఎదుగుదల పొర (పిల్లల్లో ఎముక పెరిగే మెత్తటి చోటు) దగ్గర జారుతూ ఉండవచ్చు. నడిపించకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను.

"కింద కూర్చుంటే తుంటి అరుగుతుంది." ఆరోగ్యంగా ఉన్న కీలుకు బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం హాని చేయవు. నిన్నటిదాకా కూర్చున్నవారు ఇవాళ కూర్చోలేకపోతేనే అనుమానించాలి.

"కటి ఎముక పక్కకు జరిగింది, సరిచేస్తాను" అనేవారిని నమ్మకండి. కటికి వెనకవైపు, వెన్నెముక అడుగుభాగం దానితో కలిసేచోట ఉన్న సాక్రోఇలియాక్ కీళ్లు కదిలేదే కొద్ది డిగ్రీలు. వాటిని బిగించి ఉంచే బంధనాలు శరీరంలోకెల్లా బలమైన వాటిలో ఉన్నాయి. పెద్ద ప్రమాదం జరిగితే తప్ప అవి ఊడిరావు. కాన్పు ముందూ తర్వాతా కాస్త సడలడం సహజం. ఆ నొప్పికి చికిత్స ఉంది, కంగారు అక్కర్లేదు.

"చేతికర్ర నొప్పి ఉన్న వైపే పట్టుకోవాలి." కాదు, ఎదుటి చేత్తో, అంటే నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోవాలి. ఒంటికాలి మీద నిలబడినప్పుడు కటి అవతలివైపు వాలిపోకుండా పిరుదు కండరాలు గట్టిగా లాగుతాయి. ఆ లాగుడుతో కలిపి తుంటి మీద పడే భారం శరీర బరువుకు సుమారు రెండున్నర, మూడు రెట్లు. ఎదుటి చేతిలో కర్ర ఉంటే ఆ కండరాలకు పని తగ్గుతుంది. ఆ కండరాలు బలహీనపడితే కటి ఎలా వాలుతుందో ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ సర్జన్ 1895లోనే రాశాడు. ఆయన పేరు పెట్టిన పరీక్షే ఇవాళ్టికీ మేము చేస్తున్నాం.

"ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, కట్టు కట్టి పడుకోబెడితే అతుక్కుంటుంది." ఇంట్లో జారిపడిన పెద్దావిడ కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగిపోతే అది తుంటి దగ్గర విరిగినట్టే లెక్క. లేపి నిలబెట్టవద్దు, రుద్దవద్దు. నెలల తరబడి మంచాన ఉంచితే ఊపిరితిత్తుల్లో నెమ్ము, పుండ్లు, కాళ్ల సిరల్లో రక్తపు గడ్డలు వరుసగా వస్తాయి. వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే శస్త్రచికిత్స చేయించాలి. ఎనభై దాటిన వారిని కూడా ఆపరేషన్ అయిన మర్నాడే వాకర్ పట్టించి నిలబెడతాం. బంధువులు భయపడి మంచం పక్కనుంచి కదలరు. నాలుగడుగులు వేయించి కూర్చోబెట్టాక చాలామంది పెద్దవాళ్లు మొదట అడిగేది కాఫీ.