సెంటినల్ దీవికి కొబ్బరికాయలు తీసుకెళ్లడం ఎందుకు ఆపేశారంటే

అండమాన్‌లో బయటివాళ్లని దగ్గరికి రానివ్వని సెంటినలీస్ తెగ ఉండే దీవి నార్త్ సెంటినల్, దాని గొడవ మళ్లీ మొదలైంది. 2025 మార్చి 29న ఒక అమెరికా కుర్రాడు, 24 ఏళ్లు, గాలి నింపే రబ్బరు పడవకి మోటార్ బిగించుకుని ఒక్కడే అక్కడికి పోయాడు, దూరం నుంచి ఈల ఊదాడు, ఎవరూ రాలేదు, ఒడ్డున దిగి ఒక కొబ్బరికాయ, ఒక డైట్ కోక్ డబ్బా పెట్టేసి, కాస్త ఇసుక తీసుకుని, వీడియో తీసుకుని ఐదు నిమిషాల్లో వచ్చేశాడు. రెండ్రోజులకి అరెస్ట్ చేశారు. 2018లో అక్కడ బాణాలకి చనిపోయిన మతప్రచారకుడి సంగతి అందరికీ తెలుసు, మళ్లీ చెప్పను.

అందరూ బాణాల గురించే మాట్లాడతారు గానీ నన్నడిగితే అసలు మలుపు 1991 జనవరి 4. ఆ రోజు ఆంత్రోపాలజిస్ట్ (తెగల బతుకుల్ని అధ్యయనం చేసే ఆవిడ) మధుమాల ఛటోపాధ్యాయ ఉన్న టీమ్ పడవలోంచి కొబ్బరికాయలు నీళ్లలోకి వదిలింది, సెంటినలీస్ మొలలోతు నీళ్లలోకి వచ్చి ఏరుకున్నారు, మధ్యలో ఒక కుర్రాడు ఆవిడకి బాణం గురిపెడితే పక్కనున్న వాళ్ల మనిషే, ఒక ఆడమనిషి, అతన్ని తోసేసింది, బాణం నీళ్లలో పడింది. తర్వాత చేతికి చేయి అందించి కాయలు తీసుకున్నారు. అంటే వాళ్లు కనపడ్డోణ్నల్లా చంపే మనుషులు కాదు, ఎక్కడిదాకా రానివ్వాలో వాళ్లకో లెక్క ఉంది.

అంత దగ్గరైనా 1996కల్లా ప్రభుత్వం ఈ కొబ్బరికాయల ట్రిప్పులు ఆపేసింది. భయం బాణాలకి కాదు, జబ్బులకి. బ్రిటిష్ వాళ్లు వచ్చేనాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీస్ అనే అక్కడి ఇంకో తెగ వాళ్లు 1961 లెక్కల్లో 19 మందే మిగిలారు. అండమాన్‌లోనే ఉండే జరావా తెగ వాళ్లు 1997 చివర్లో అడవి దాటి బయటికి రావడం మొదలుపెట్టారు, 1999కి వాళ్లలో తట్టు వచ్చేసింది. మనకి రెండు మాత్రలతో తగ్గే జ్వరం కూడా అలవాటు లేని ఒంటికి ప్రాణం మీదకి వస్తుంది.

ఈ తెగల్ని కాపాడే 1956 చట్టం ఎప్పట్నుంచో ఉంది, దీవి చుట్టూ ఐదు నాటికల్ మైళ్ల లోపలికి ఎవరూ పోకూడదు. కానీ 2018 ఆగస్టులో టూరిజం కోసమని 29 దీవులకి విదేశీయులు పోవాలంటే పర్మిట్ ఉండాలన్న రూల్ సడలించారు, ఆ లిస్టులో నార్త్ సెంటినల్ కూడా ఉంది! పాత చట్టం అలాగే ఉందని సర్కారు చెప్పింది నిజమే, అయినా అసలు ఆ పేరు లిస్టులో ఎందుకు పెట్టాలి?

చూసి వచ్చేస్తే తప్పేంటి, ఎవర్నీ ఏమీ అనలేదు కదా అని ట్రావెల్ చేసేవాళ్లు అంటున్నారు. మనవాళ్లు కూడా వైజాగ్ నుంచి షిప్, హైదరాబాద్ నుంచి ఫ్లైట్ ఎక్కి అండమాన్ పోతూనే ఉంటారు, హేవ్‌లాక్‌లో స్కూబా చెయ్యండి, బారాటాంగ్ గుహలు చూడండి, ఎవరు వద్దన్నారు. ఆ ఒక్క దీవి జోలికి మాత్రం పోకండి. వాళ్ల చేతికి కాయ అందించి వచ్చిన మధుమాల గారే ఇప్పుడు, వాళ్లని వాళ్ల మానాన వదిలేయండి అంటున్నారు.