37 డిగ్రీల దగ్గర ఆగిపోయే ఈస్ట్

మే నెలలో మా కర్నూలు బేకరీల్లో బన్ను పిండి చెప్పిన మాట వినదు. చల్లటి నీళ్లు పోసి, ఈస్ట్ తగ్గించి కలిపినా గబగబా పొంగిపోతుంది. ల్యాబ్‌లో 30 డిగ్రీల దగ్గర కడుపు నిండా తిండి పెడితే ఒక ఈస్ట్ కణం రెండు కావడానికి సుమారు గంటన్నర చాలు. ఆలోపే 16 క్రోమోజోముల్లోని దాదాపు 1.2 కోట్ల డీఎన్‌ఏ అక్షరాల జతలకు నకలు తీయాలి.

ఆ నకలు పనిని చూడాలంటే పెద్ద చిక్కుంది. ఫ్లాస్కులో కోట్ల కణాలుంటాయి. ఒకటి నకలు మొదలుపెడుతుంటుంది, ఇంకొకటి సగంలో ఉంటుంది, మరొకటి రెండుగా విడిపోతుంటుంది. అన్నీ కలిపి కొలిస్తే ఏ దశలో ఏం జరిగిందో తెలియదు. ముందు అన్నింటినీ ఒకే గీత మీద నిలబెట్టాలి. నన్నడిగితే అసలు తెలివంతా అక్కడే ఉంది.

ఈస్ట్‌లో 'ఏ', 'ఆల్ఫా' అని రెండు రకాలున్నాయి. ఆల్ఫా కణం 13 అమైనో ఆమ్లాల చిన్న గొలుసును వదులుతుంది. అది తగిలితే 'ఏ' కణం జత కట్టడానికి సిద్ధమై, నకలు మొదలుపెట్టకుండా ఆగిపోతుంది. ఆ గొలుసును ఫ్లాస్కులో కలిపితే సుమారు రెండు గంటల్లో దాదాపు అన్నీ ఆగుతాయి, కడిగేస్తే ఒక్కసారిగా బయలుదేరతాయి. అప్పుడు పది నిమిషాలకోసారి కొన్నింటిని తీసి, డీఎన్‌ఏకి మెరిసే రంగు పట్టించి, ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో ఒక్కో కణం మెరుపు కొలుస్తారు. నకలు పూర్తయ్యేసరికి మెరుపు రెండింతలవుతుంది.

నాకు ఇంకా ఇష్టమైనది వేడితో ఆపే పద్ధతి. 2001లో నోబెల్ అందుకున్న లీలాండ్ హార్ట్‌వెల్ 1970 ప్రాంతంలో జన్యువుల్లో మార్పు వచ్చిన (ఉత్పరివర్తిత) కొన్ని ఈస్ట్‌లను వెతికి పట్టారు. అవి 23 డిగ్రీల్లో మామూలుగా పెరుగుతాయి, 37 దగ్గర ఒక్కో రకం ఒక్కో మెట్టు మీద ఆగిపోతుంది. మేలో మాకు 37 అంటే పొద్దుటి పూట వేడి! సీడీసీ7 అనే జన్యువు చెడి, దాని ప్రోటీన్ 37 దగ్గర మాత్రం పనిచేయని రకం సరిగ్గా నకలు గుమ్మం దగ్గరే ఆగుతుంది.

అక్కడ దానికి ఇంకా ఏం తక్కువైంది? 1974లో లిన్నా హెరెఫర్డ్, హార్ట్‌వెల్ ఇదే పరీక్షించారు. కొత్త ప్రోటీన్ల తయారీని మందుతో ఆపేసి, కణాలను మళ్లీ చల్లబరిచారు. అయినా నకలు సాగింది. అంటే కావలసిన ప్రోటీన్లన్నీ అప్పటికే సిద్ధంగా ఉన్నాయి, సీడీసీ7 కోసమే ఎదురుచూస్తున్నాయి. డీఎన్‌ఏ పోగులను విప్పే ఎంసీఎం ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి పని మొదలుపెట్టించే ఎంజైమ్ అదేనని తర్వాత తేలింది. అలాంటి ఎంజైమే మన కణాల్లోనూ ఉంది.